సైబరాబాద్‌కు సాగరం ఎంత దూరం?

అలల చెంత గది అందని ద్రాక్ష... సర్కారు బసలే దిక్కు... అవీ తగ్గుముఖం

మాదాపూర్: పండుగ సెలవులు దగ్గర పడ్డాయంటే చాలు, హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రాంగూడ ప్రాంతాల ఉద్యోగ కుటుంబాలలో ఒకే ప్రశ్న తలెత్తుతుంది. ఈసారి పిల్లలకు సముద్రం చూపించేదెలా? ప్రశ్న చిన్నదే. జవాబు వెతకడం మొదలుపెట్టాక కానీ దాని బరువు తెలియదు. కిటికీ తెరిస్తే అలలు కనిపించే గది, నలుగురు పట్టే మంచాలు, చేతిలో ఉన్న సొమ్ముకు సరిపోయే అద్దె. ఈ మూడూ ఒకేచోట దొరకడం దుర్లభంగా మారింది. రెండు దొరికితే మూడోది జారిపోతోంది.

ఐటీ కారిడార్ అనగానే లక్షల జీతాలు, విదేశీ విహారాలు గుర్తుకు రావడం సహజం. ఆ వర్గం ఉన్నమాట వాస్తవమే. కానీ అద్దాల మేడల్లో పనిచేసేవారందరూ ఆ కోవకు చెందినవారు కారు. కొత్తగా చేరిన ఇంజినీర్లు, కాల్‌సెంటర్ సిబ్బంది, క్యాబ్ డ్రైవర్లు, భద్రతా సిబ్బంది, క్యాంటీన్ కార్మికులు, ఇంటి రుణం వాయిదాలు, పాఠశాల ఫీజులు పోను మిగిలిన దానితో ఏడాదికొక యాత్ర తలపెట్టే మధ్యతరగతి కుటుంబాలు ఇక్కడ అసంఖ్యాకం. వీరికి కావలసింది అయిదు నక్షత్రాల వైభవం కాదు. శుభ్రమైన పడక, నీళ్లు వచ్చే స్నానాల గది, పిల్లలు నడిచి వెళ్లగలిగే దూరంలో ఇసుక. ఇంత సాధారణమైన కోరిక ఇంత ఖరీదు ఎందుకైందన్నదే పరిశీలించవలసిన అంశం.

బందరు రేవు మనదే... ఒకప్పుడు

హైదరాబాద్‌కు సముద్రం లేదన్న లోటు నేటిది కాదు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ రాజ్యానికి మచిలీపట్నమే ప్రధాన రేవు. 1611లో ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరాన్ని నెలకొల్పింది అక్కడే. కోటకూ రేవుకూ మధ్య సరకుల బళ్లు నడిచేవి. తరువాతి కాలంలో తీరం చేజారింది. చివరి నిజాం పోర్చుగీసువారి నుంచి గోవాను కొనుగోలు చేసి సముద్రానికి దారి చేసుకోవాలని ప్రయత్నించి విఫలుడైన సంగతి చరిత్రకారులకు తెలిసిందే. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పాటుతో తీరం మళ్లీ మన రాష్ట్రంలో భాగమైంది. 2014 విభజనతో తిరిగి పొరుగు రాష్ట్రమైంది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాడు సూర్యలంక, రుషికొండ సొంత రాష్ట్రపు పర్యాటక కేంద్రాలు. నేడు అవి పక్క రాష్ట్రపు పర్యాటకాభివృద్ధి సంస్థ చేతిలోనివి.

విశేషమేమిటంటే గోల్కొండ నాటి దారి ఇప్పటికీ ఇంచుమించు అలాగే ఉంది. మియాపూర్, చందానగర్ వాసులు నిత్యం తిరిగే ముంబయి రహదారి జాతీయ రహదారి 65లో భాగం. పుణెలో మొదలై మన కారిడార్ అంచును తాకుతూ, విజయవాడ మీదుగా సాగి మచిలీపట్నం వద్ద ముగిసేది ఆ రహదారే. అంటే ఇంటి ముందు రోడ్డునే పట్టుకొని వదలకుండా వెళితే బందరు చేరుకోవచ్చు. దూరం సుమారు 350 కిలోమీటర్లు. అక్కడికి 11 కిలోమీటర్లలో మంగినపూడి తీరం. సూర్యలంకకూ దాదాపు అంతే దూరం. విశాఖకు 600 కిలోమీటర్ల పైచిలుకు. గోవా కూడా ఇంచుమించు అంతే. వారాంతపు రెండు రోజుల్లో కారులో వెళ్లి రాగలిగినవి మొదటి రెండే.

మాటల్లో మర్మం

గది కోసం వెతికేవారు మొదట గ్రహించవలసింది ప్రకటనల భాషను. ‘బీచ్ ఫ్రంట్’, ‘సీ ఫేసింగ్’, ‘సీ వ్యూ’, ‘బీచ్‌కు సమీపంలో’ అనే నాలుగు మాటలు ఒకే అర్థంలో ఉన్నట్టు కనిపిస్తాయి. వాస్తవానికి నాలుగూ వేర్వేరు. మొదటిది గది దాటితే ఇసుక అని. రెండోది భవనం ముఖం సముద్రం వైపున్నదని మాత్రమే. మధ్యలో నాలుగు వరుసల రహదారి ఉండవచ్చు. మూడోది ఎక్కడో ఒక మూల నుంచి నీరు కనిపిస్తుందని. నాలుగోదానికి హద్దే లేదు. అయిదు కిలోమీటర్లు కూడా సమీపమే! ఇవి వ్యాపారుల మాటలే కానీ చట్టం ఇచ్చిన నిర్వచనాలు కావు.

నిజమైన తీరపు గది ఎందుకు అరుదన్న ప్రశ్నకు సమాధానం తీరప్రాంత క్రమబద్ధీకరణ నిబంధనల్లో ఉంది. వీటినే సీఆర్‌జడ్ అని వ్యవహరిస్తారు. కేంద్ర ప్రభుత్వం 1991లో తొలిసారి ఈ నోటిఫికేషన్ జారీ చేసింది. 2011లోనూ, 2019లోనూ కొత్తవి వచ్చాయి. సముద్రపు పోటు గరిష్ఠంగా ఎంతవరకు వస్తుందో ఆ గీత నుంచి గ్రామీణ ప్రాంతాల్లో 200 మీటర్ల మేర కొత్త నిర్మాణాలు నిషిద్ధం. 2019 నోటిఫికేషన్ ఈ నిబంధనను కొంత సడలించింది. 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి జనసాంద్రత ఉన్న గ్రామీణ తీరాల్లో ఈ హద్దును 50 మీటర్లకు తగ్గించింది. మిగిలిన చోట్ల 200 మీటర్లే. పట్టణాల్లోనైతే అప్పటికే ఉన్న రోడ్డుకో, అనుమతి పొందిన భవనాలకో వెనుకవైపునే కొత్తవి కట్టుకోవాలి. విశాఖ బీచ్ రోడ్డులో హోటళ్లన్నీ రోడ్డుకు ఇవతలే బారులు తీరడానికి ఒక కారణం ఇదే.

ఈ ఆంక్షలు అనవసరమైనవని ఎవరూ అనలేరు. 2004 సునామీని, 2014 అక్టోబరు 12న విశాఖను అతలాకుతలం చేసిన హుద్‌హుద్‌ను చూసిన తీరం మనది. కానీ వీటి ఫలితంగా అలలకు అతి చేరువలో ఉన్న గదులు పరిమితమయ్యాయి. కొత్తవి పుట్టవు. ఉన్నవాటికి గిరాకీ ఏటా పెరుగుతుంది. పరిమితమైన సరకుకు ధర పెరగడం అంగడి ధర్మం. ఈ ధర్మానికి అడ్డుకట్ట వేయగలిగినవి లాభాపేక్షే పరమావధి కాని ప్రభుత్వ బసలు మాత్రమే. మధ్యతరగతి సముద్ర విహారానికి అసలు ఆయువుపట్టు అక్కడుంది.

కొండ మీద కుటీరాలు ఏమయ్యాయి?

ఉమ్మడి రాష్ట్రంలో పర్యాటకాభివృద్ధి సంస్థ ‘హరిత’ పేరిట నడిపిన హోటళ్లు, రిసార్టులు హైదరాబాద్ కుటుంబాలకు సుపరిచితం. సేవల్లో లోటుపాట్లు లేవని కాదు. దుప్పట్లు పాతవనీ, పిలిస్తే పలికేవారు లేరనీ ఫిర్యాదులు మొదటినుంచీ ఉన్నవే. అయినా అవి నిలబడిన చోటు అపురూపం. ప్రైవేటు వ్యాపారికి ఎంత సొమ్ము పోసినా దక్కని స్థలంలో సామాన్యుడు ఒక రాత్రి నిద్రించగలిగాడంటే అది ఈ సంస్థ చలవే.

విశాఖ రుషికొండ ఇందుకు మంచి ఉదాహరణ, చేదు ఉదాహరణ కూడా. సముద్రాన్ని ఆనుకొని ఉన్న ఆ కొండపై సంస్థకు హరిత బీచ్ రిసార్టు ఉండేది. కొండ అంచున గదుల నుంచి బంగాళాఖాతం కనుచూపు మేర కనిపించేది. 2021లో నాటి ప్రభుత్వం పునర్నిర్మాణం పేరిట దాన్ని కూల్చివేసింది. కొండను తొలిచిన తీరుపై హైకోర్టు, హరిత ట్రైబ్యునల్, సుప్రీంకోర్టు వరకు వ్యాజ్యాలు నడిచాయి. దాదాపు 450 కోట్ల రూపాయల వ్యయంతో అక్కడ వెలసినవి రాజభవనాలను తలపించే కట్టడాలు. 2024లో ప్రభుత్వం మారిన తరువాత తలుపులు తెరిచి చూపినప్పుడు రాష్ట్రమంతా నివ్వెరపోయింది. ఆ భవనాలను దేనికి వినియోగించాలన్న చర్చ ఆ తరువాత కూడా తెగలేదు. రాజకీయ వాదవివాదాలు ఎలా ఉన్నా, విహారయాత్రికుడి కోణంలో లెక్క సులభం. అందుబాటు అద్దెకు దొరికే సముద్రపు గదులు పోయాయి. వాటి స్థానంలో అటువంటివి రాలేదు.

ఆ కొండ దిగువనున్న రుషికొండ తీరం 2020లో అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందింది. నిర్వహణ లోపాల కారణంగా 2025 ఆరంభంలో ఆ గుర్తింపు తాత్కాలికంగా చేజారి, లోపాలు సరిదిద్దిన మీదట తిరిగి దక్కింది. తీరం ఎవరిదైనా కావచ్చు, రోజూ ఊడ్చేవారు లేకపోతే పేరు నిలవదని ఆ ఉదంతం చాటింది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 డిసెంబరులో కొత్త పర్యాటక విధానాన్ని ప్రకటించి ఈ రంగానికి పరిశ్రమ హోదా కల్పించింది. పేరున్న హోటల్ గ్రూపులను ఆహ్వానించడం అంతకు ముందునుంచే సాగుతోంది. 2023లోనే విశాఖ సమీప తీరంలో ఒబెరాయ్ గ్రూపు విలాసవంతమైన రిసార్టుకు శంకుస్థాపన జరిగింది. పెట్టుబడులు రావలసిందే, ఉద్యోగాలు పెరగవలసిందే. అయితే ఏడు నక్షత్రాల హోటల్‌కు ఎకరాలు కేటాయించే ప్రభుత్వం, మూడు వేల రూపాయల గదికి ఎన్ని సెంట్లు కేటాయిస్తున్నదో కూడా చెప్పాలి. హరిత బసల నిర్వహణను ప్రైవేటు సంస్థలకు అప్పగించే ఆలోచనలు కూడా ముందుకు సాగాయి. ప్రైవేటు చేతికి వెళితే పరుపులు కొత్తవి కావచ్చు. అద్దెలకు పరిమితి విధించకపోతే మాత్రం పాత అతిథి గుమ్మం దాకా కూడా రాలేడు.

పొరుగు రాష్ట్రాల అనుభవం గమనించదగినది. గోవా పర్యాటకాభివృద్ధి సంస్థ కలంగూట్, మిరామార్ వంటి తీరాల్లో ‘రెసిడెన్సీ’ల పేరిట బసలు నడుపుతోంది. తమిళనాడు సంస్థకు మామల్లపురంలో సముద్రపు ఒడ్డున రిసార్టు ఉంది. కేరళ సంస్థ కోవళంలో ‘సముద్ర’ నడుపుతోంది. ప్రైవేటు హోటళ్లు వందలకొద్దీ ఉన్న చోట కూడా ప్రభుత్వం ఒక కాలు నిలిపి ఉంచిందన్నమాట. ఇంకా వెనక్కి వెళితే, ఫ్రాన్సులో 1936లో కార్మికులకు రెండు వారాల వేతనంతో కూడిన సెలవును చట్టబద్ధం చేసినప్పుడు, సెలవు ఒక్కటే ఇచ్చి ఊరుకోలేదు. రైలు టికెట్లపై రాయితీ కూడా కల్పించారు. జీవితంలో తొలిసారి సముద్రం చూసిన కార్మిక కుటుంబాలు ఆ ఏడాది ఎన్నో. సెలవు, ప్రయాణం, బస మూడూ కలిస్తేనే విహారమని ఆ ప్రభుత్వం గుర్తించింది.

సూర్యలంకా? మంగినపూడా?

దగ్గరి తీరాల విషయానికి వస్తే బాపట్లకు 9 కిలోమీటర్ల దూరంలోని సూర్యలంక ముందు వరుసలో ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా కేంద్రమైన తరువాత రాకపోకలు మరింత పెరిగాయి. పొడవైన ఇసుక తీరం, ఒడ్డునే హరిత రిసార్టు దీని ప్రత్యేకతలు. కేంద్ర ప్రభుత్వ స్వదేశ్ దర్శన్ 2.0 పథకం కింద దాదాపు 97 కోట్ల రూపాయలతో ఈ తీరం అభివృద్ధికి ఆమోదం లభించింది. చీరాల వైపు వాడరేవు, రామాపురం తీరాల్లో ప్రైవేటు రిసార్టులు వెలిశాయి. శని, ఆదివారాల్లో అక్కడ కనిపించే కార్లలో తెలంగాణ నంబర్లకు కొదవ ఉండదు.

మంగినపూడి సంగతి వేరు. అక్కడ ఇసుక కన్నా నల్లమట్టి ఎక్కువ. ఇసుక గూళ్లు కట్టాలని గరిటెలు, బకెట్లు సర్దుకొని వెళ్లిన పిల్లలు నిరాశ పడవచ్చు. అయితే నీరు లోతు తక్కువ. రద్దీ కూడా సూర్యలంక అంత ఉండదు. బందరు లడ్డూ, కలంకారీ అద్దకం పని చేసే పెడన పక్కనే ఉండటం పెద్దవారికి అదనపు ఆకర్షణ. నెల్లూరుకు చేరువలోని మైపాడు మంచి తీరమే కానీ హైదరాబాద్ నుంచి దూరం. దిండి రిసార్టును సముద్రతీరమనుకొని గదులు తీసుకునేవారున్నారు. అది గోదావరి పాయ ఒడ్డు. అందంలో లోటు లేదు, అలలు మాత్రం ఉండవు.

ఇక్కడొక సంగతి ప్రస్తావించక తప్పదు. తెలుగు కుటుంబానికి సముద్రం పక్కన గది కావాలన్న ఆలోచన చాలా కొత్తది. కోస్తా జిల్లాల్లో పుట్టి నేడు కొండాపూర్‌లో స్థిరపడినవారు తమ చిన్ననాటిని గుర్తు చేసుకుంటే కార్తీక పౌర్ణమి నాటి సముద్ర స్నానాలు గుర్తుకొస్తాయి. తెల్లవారుజామున బండి మీదో, బస్సులోనో బయలుదేరడం, స్నానం, దీపం, కట్టుకెళ్లిన పులిహోర, సాయంత్రానికి ఇంటి ముఖం. గది అన్న ప్రసక్తే లేదు. ఒడ్డున నిద్రపోవడం జాలరుల పని, యాత్రికుల పని కాదు. నగర జీవితం, హోటల్ ప్రకటనలు కలిసి ‘అలల శబ్దానికి మేలుకోవడం’ అనే కోరికను నేర్పాయి. ఆ కోరికలో తప్పేమీ లేదు. కానీ దానికే అద్దెలో సగం చెల్లిస్తున్నామన్న స్పృహ ఉండటం మంచిది. బాపట్ల, చీరాల, మచిలీపట్నం ఊళ్లలోని మామూలు లాడ్జీలో దిగి, ఉదయం, సాయంత్రం ఆటోలో తీరానికి వెళ్లివచ్చే పాత పద్ధతే నేటికీ అన్నింటికన్నా చవక. ఎండ ముదిరే వేళ ఎటూ ఇసుక మీద నిలవలేం కదా!

లెక్కలు తేల్చుకుంటేనే

సొమ్ము లెక్కకు వద్దాం. హోటల్ గదులపై జీఎస్టీ 2017 నుంచి పలుమార్లు మారింది. మొదట్లో వెయ్యి రూపాయల లోపు గదికి పన్ను లేదు. 2022 జూలై 18 నుంచి ఆ మినహాయింపు తొలగించి 12 శాతం వేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదులపై పన్నును 5 శాతానికి తగ్గించారు. ఆ పైన 18 శాతమే. మూడు వేల రూపాయల గదిలో రెండు రాత్రులు గడిపిన కుటుంబం అంతకుముందు 720 రూపాయల పన్ను కట్టేది, తగ్గింపు తరువాత 300. మిగులు 420. అయితే 7,500 రూపాయల గీత దాటిన గదికి పన్ను ఒక్కసారిగా మూడున్నర రెట్లవుతుంది. 7,500 గదికి 375 రూపాయల పన్ను పడితే 7,600 గదికి 1,368 రూపాయలు పడుతుంది. గీత మీదున్న గదులు చూసేవారు ఈ తేడా గమనించాలి. తగ్గింపును మూల ధరలోనే కలుపుకొని అద్దె పెంచిన చోట్ల ప్రయోజనం ఆవిరైపోతుంది. కాబట్టి బిల్లులో అద్దె, పన్ను విడివిడిగా ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి.

కారులో వెళితే రానుపోను 700 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే బండికి 47 లీటర్ల పెట్రోలు కావాలి. లీటరు వంద రూపాయలు దాటిన రోజుల్లో ఇది అయిదు వేల పైమాటే. రెండు రాత్రుల గది అద్దెకు ఇది ఇంచుమించు సమానం. అందువల్ల ఒక్క రాత్రి కోసం కారులో పరుగెత్తడం అన్నింటికన్నా ఖరీదైన విహారం. ప్రయాణ ఖర్చు ఎలాగూ తప్పదు కనుక మూడు రాత్రులుంటే రోజు సగటు దిగివస్తుంది. విజయవాడ దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు వద్ద టోల్ ప్లాజాలున్నాయి. 2025 ఆగస్టు 15న ప్రవేశపెట్టిన ఫాస్టాగ్ వార్షిక పాస్ సొంత కార్లకు మూడు వేల రూపాయలకు 200 ట్రిప్పులు ఇచ్చింది. ఒక్కో ప్లాజా దాటడం ఒక్కో ట్రిప్పు. అంటే దాటిన ప్రతిసారీ 15 రూపాయలే. తరచూ కోస్తాకు వెళ్లేవారికి ఇది లాభం. అయితే జాతీయ రహదారులకే ఇది వర్తిస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డుకూ, రాష్ట్ర రహదారులకూ చెల్లదు.

రైలు మార్గం అన్నింటికన్నా పొదుపు. లింగంపల్లి నుంచి తిరుపతి వెళ్లే నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ తెనాలి, చీరాల మీదుగా సాగుతుంది. కారిడార్ వాసులు సికింద్రాబాద్ వరకు వెళ్లే ప్రయాస లేదు. పసిపిల్లలున్నవారు ఏ వేళకు దిగవలసి వస్తుందో ముందే చూసుకోవడం మేలు. అర్ధరాత్రి చిన్న స్టేషన్‌లో ఆటో కోసం నిలబడటం విహారం అనిపించుకోదు. విశాఖకు 2023 జనవరి 15న సికింద్రాబాద్ నుంచి మొదలైన వందేభారత్ ఎనిమిదిన్నర గంటల్లో చేరుస్తుంది. చార్జీ మాత్రం స్లీపర్‌కు అనేక రెట్లు. గోవాకు సికింద్రాబాద్–వాస్కోడగామా రైలు 2024లో వచ్చింది.

కంపెనీలు ఇచ్చే ప్రయాణ భత్యం గురించి చాలామందిలో అపోహ ఉంది. పాత పన్ను విధానంలో నాలుగు క్యాలెండర్ సంవత్సరాల బ్లాకులో రెండు యాత్రలకు మినహాయింపు లభిస్తుంది. అది ప్రయాణ చార్జీలకే. గది అద్దెకు, భోజనానికి వర్తించదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అదీ లేదు.

ఒక్క గదే మిగిలిందట!

బుకింగ్ వెబ్‌సైట్లలో ‘ఈ ధరకు ఒక్క గదే మిగిలింది’, ‘ఇప్పుడే పద్దెనిమిది మంది చూస్తున్నారు’ వంటి హెచ్చరికలు కనిపించని పేజీ ఉండదు. లేని తొందరను ఇలా సృష్టించడం, మొదట తక్కువ ధర చూపి చివర్లో రుసుములు జోడించడం, అడగని బీమాను బిల్లులో కలపడం వంటి 13 రకాల మాయోపాయాలను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాల ద్వారా నిషేధించింది. అయినా ఇటువంటివి ఎదురైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.

నేరుగా హోటల్‌కే ఫోన్ చేసి అడగడం చాలామంది మరచిపోయిన విద్య. మేక్‌మైట్రిప్–గోఐబిబో తమ వద్ద చూపిన ధరకన్నా తక్కువకు మరెక్కడా గది ఇవ్వరాదని హోటళ్లకు షరతు పెట్టడాన్ని పోటీ కమిషన్ 2022 అక్టోబరులో తప్పుపట్టింది. ఆ సంస్థపై 223 కోట్ల రూపాయల పైచిలుకు, అదే కేసులో ఓయోపై 168 కోట్ల పైచిలుకు జరిమానా విధించింది. అటువంటి షరతులు లేని చోట, మధ్యవర్తికి చెల్లించే కమీషన్‌లో కొంత తగ్గించమని యజమానిని అడగడంలో నామోషీ లేదు. అడిగేటప్పుడే మరో మూడు సంగతులు తేల్చుకోవాలి. పిల్లలకు అదనపు మంచం రుసుము ఏ వయసు నుంచి? గది నుంచి ఇసుకకు నడక ఎన్ని నిమిషాలు? మధ్యలో రోడ్డు ఉందా? మూడో ప్రశ్నకు నీళ్లు నమిలితే జవాబు దొరికినట్టే.

అయితే ఆ ఫోన్ నంబరు ఎక్కడిదన్నది ముఖ్యం. హోటళ్ల పేరిట నకిలీ వెబ్‌సైట్లు, నకిలీ నంబర్లు పెట్టి అడ్వాన్సు కాజేసే ముఠాల గురించి కేంద్ర హోం శాఖ ఆధ్వర్యంలోని సైబర్ నేరాల సమన్వయ కేంద్రం 2025 ఏప్రిల్‌లో దేశవ్యాప్తంగా హెచ్చరించింది. అప్పట్లో యాత్రాస్థలాలు లక్ష్యమైనా, తీర ప్రాంతాలు ఇందుకు మినహాయింపు కావు. అందుబాటు ధర కోసం తహతహలాడేవారే వీరికి సులభంగా చిక్కుతారు. సగం ధరకే సముద్రపు గది అనగానే అనుమానించాలి. వ్యక్తి పేరున్న ఖాతాకు సొమ్ము పంపమన్నప్పుడు ఆగాలి. మోసపోతే జాప్యం చేయకుండా 1930కు ఫోన్ చేస్తే సొమ్ము చేతులు మారకముందే నిలిపివేసే అవకాశం ఉంటుంది. సాఫ్ట్‌వేర్ తెలిసినవారు ఇటువంటి వాటికి చిక్కరన్న ధీమా పనికిరాదు.

చవక వేళ... చిక్కుల వేళ

అద్దెలు తగ్గే కాలానికీ సముద్రం కోపించే కాలానికీ సంబంధముంది. గోవాలో జూన్ నుంచి సెప్టెంబరు వరకు వర్షాకాలం. గదులు చవక. కానీ ఈతకు అనుమతించని ఎర్రజెండాలే ఎక్కువగా ఎగురుతుంటాయి. మన తూర్పు తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానుల గండం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తీరం దాటింది బాపట్ల సమీపంలోనే. ఈ నెలల్లో వెళ్లేవారు సొమ్ము తిరిగి ఇచ్చే షరతు ఉన్న గదినే తీసుకోవాలి, నాలుగైదు వందలు ఎక్కువైనా సరే. సూర్యలంక, వాడరేవు తీరాల్లో యువకులు మునిగిపోయిన దుర్ఘటనలు పదేపదే జరిగాయి. పోలీసులు పలు సందర్భాల్లో సందర్శకులపై ఆంక్షలు విధించారు. పైకి ప్రశాంతంగా కనిపించే నీటి కింద లోపలికి లాగే ప్రవాహాలుంటాయి. చెరువులో ఈత వచ్చినంత మాత్రాన సముద్రంలో దిగరాదు. గజ ఈతగాళ్లు ఉన్న చోట, వారు ఉన్న వేళల్లోనే పిల్లలను నీటిలోకి పంపాలి.

వారాంతాన్ని వదులుకోగలిగితే సగం సమస్య తీరుతుంది. ఐటీ కారిడార్ అంతటికీ ఒకే శని, ఆదివారాలు సెలవు కావడం వల్ల శుక్రవారం సాయంత్రం నుంచి ధరలు ఎగబాకుతాయి. వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచే పనిచేసే వెసులుబాటు ఉన్నవారు మంగళ, బుధ, గురువారాలు ఎంచుకుంటే గదీ దొరుకుతుంది, పంతంగి వద్ద కార్ల బారులూ ఉండవు. పాఠశాల పిల్లలున్న ఇళ్లకు, షిఫ్టులు చేసే క్యాబ్ డ్రైవర్లకు ఆ వెసులుబాటు లేదన్నది నిజం. వారి కోసమే ప్రభుత్వ బసల్లో వారాంతపు అద్దెకు పరిమితి ఉండాలన్నది.

ఇదిలా ఉండగా సముద్రాన్నే సైబరాబాద్‌కు రప్పిస్తామన్న ప్రతిపాదన ఒకటి తెరపైకి వచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు చెంత, హిమాయత్‌సాగర్ సమీపంలోని కొత్వాల్‌గూడలో 35 ఎకరాల్లో సుమారు 225 కోట్ల రూపాయలతో కృత్రిమ బీచ్ నిర్మిస్తామని తెలంగాణ ప్రభుత్వం 2025లో ప్రకటించింది. ప్రైవేటు భాగస్వామ్యంతో చేపట్టే ఈ ప్రాజెక్టులో తేలియాడే విల్లాలు, విలాస హోటళ్లు ఉంటాయని అప్పుడు చెప్పారు. గచ్చిబౌలి నుంచి అరగంట ప్రయాణంలో ఇసుక, అలలు అందుబాటులోకి రావడం పిల్లలకు సంబరమే. అయితే ఇక్కడ కూడా ప్రకటనలో ముందుగా వినిపించినవి విల్లాలు, విలాస హోటళ్లే. సముద్రమే కృత్రిమమైన చోట సీఆర్‌జడ్ అడ్డు లేదు, స్థలం సర్కారుది. అటువంటప్పుడు కొన్ని గదులను సామాన్య అద్దెకు కేటాయించమని ఒప్పందంలోనే రాసుకోవడానికి అభ్యంతరం ఏముంటుంది?

అసలు సముద్రానికే వెళ్లదలచినవారు రైలు రిజర్వేషన్ గడువు మారిన సంగతి గుర్తుంచుకోవాలి. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ వ్యవధిని 120 రోజుల నుంచి 60 రోజులకు కుదించారు. ఆ లెక్కన జనవరి 14 ప్రయాణానికి నవంబరు 15న టికెట్లు తెరుచుకుంటాయి. సంక్రాంతికి కోస్తా రైళ్లలో బెర్తులు నిమిషాల్లో అయిపోతాయి కాబట్టి, ముందు టికెట్, ఆ తరువాతే గది.